పంతొమ్మిది మెట్లు

నాచారంలో మా అపార్ట్‌మెంటులో తొమ్మిదో తరగతి చదివే కుర్రాడొకడున్నాడు. ఈ మధ్య వాడికి లండన్‌లో మూతబడ్డ భూగర్భ రైల్వే స్టేషన్ల వీడియోల పిచ్చి పట్టుకుంది. ఇనుప తలుపు కిర్రుమంటుంది. టార్చిలైటు వెలుగులో దుమ్ముపట్టిన ప్లాట్‌ఫారం, గోడమీద ఏనాటివో పోస్టర్లు, ఎటు పోతుందో తెలియని సొరంగం. ముందు అన్నం కంచం పెట్టుకుని కూడా వాడు ఆ సొరంగంలోనే తిరుగుతుంటాడని వాళ్లమ్మ గొడవ. ఒక సాయంత్రం మెట్ల దగ్గర నన్ను ఆపి, "అంకుల్, మన మెట్రోకి భూమి కింద ఒక్క స్టేషనన్నా లేదా?" అన్నాడు.

లేదన్నాను. వాడి మొహం చిన్నబోయింది.

మన 69 కిలోమీటర్ల మెట్రో అంతా స్తంభాల మీదే నడుస్తుంది. సుల్తాన్‌బజార్ దగ్గర, అసెంబ్లీ దగ్గర నేల కిందికి దించమని ఎన్నేళ్లు అడిగినా చివరికి అక్కడా పైనుంచే పోయింది. భూమి కడుపులో ఏముందో చదవడమే పనిగా ఉన్న ఎన్.జి.ఆర్.ఐ. పేరు పెట్టుకున్న స్టేషన్ కూడా నేలకు అంతెత్తున నిలబడి ఉంది. చీకటి సొరంగాల సరదా మనకు రాసిపెట్టి లేదు.

అయితే వాడితో చెప్పని మాట ఒకటుంది. స్టేషన్‌ను పైకెత్తినప్పుడు దాని కింద ఒక చోటు మిగిలిపోతుంది. దానికి బోర్డు ఉండదు, పటంలో పేరు ఉండదు. ఉప్పల్ నుంచి హబ్సిగూడ దాకా ఏ స్టేషన్ కిందైనా పది నిమిషాలు నిలబడి చూడండి. మెట్ల వెనక ఒక చాయ్ బండి, నిద్రపోతున్న ఒక కుక్క, ఇద్దరు మనుషులు, ప్రయాణికుల కోసం అరుస్తున్న షేర్ ఆటోలు. వర్షం మొదలైందంటే ఆ చోటు రూపమే మారిపోతుంది. బైకులన్నీ వరసగా కిందికి వచ్చి ఆగుతాయి. నాచారం పారిశ్రామికవాడలో డ్యూటీ దిగినవాళ్లు, ఇ.ఎస్.ఐ. ఆస్పత్రి నుంచి మందుల కవరుతో వస్తున్నవాళ్లు, వరంగల్ బస్సు దిగినవాళ్లు, స్కూలు పిల్లలు అంతా ఒకరినొకరు ఒరుసుకుని నిలబడతారు. మన భాషలో దీనికి చక్కని మాట ఉంది, తలదాచుకోవడం. ఇల్లు దాచుకోలేం, బండి దాచుకోలేం, తల ఒక్కటే దాచుకుంటాం. ఎవరి తల వాళ్లు దాచుకుంటున్నామనే అనుకుంటాం గానీ నిజానికి పైన ఉన్న కాంక్రీటును, దాన్ని కట్టినవాణ్ని, చూసుకోవాల్సినవాణ్ని నమ్మి తల అప్పగిస్తున్నాం.

2019 సెప్టెంబర్ 22న ఇదే లైన్లో, అమీర్‌పేట స్టేషన్ కింద, వానకు తలదాచుకున్న ఒక యువతి మీద పైనుంచి పెచ్చు ఊడిపడింది. ఆమె బతకలేదు. ఆ వారమంతా అందరం తలలు పైకెత్తి చూశాం. తర్వాతి వారం మళ్లీ ఫోన్లలోకి దించేశాం.

కుర్రాడికి నేను చెప్పిన కథ వేరు. అది మూతబడ్డ స్టేషన్‌ది కాదు. లండన్ తూర్పు వైపు కూలీనాలీ జనం ఉండే బెత్నాల్ గ్రీన్‌ది. ఈరోజు కూడా అక్కడ రైళ్లు ఆగుతున్నాయి.

1940 సెప్టెంబర్‌లో లండన్ మీద జర్మన్ బాంబులు కురవడం మొదలైనప్పుడు, జనం భూగర్భ స్టేషన్లలో తలదాచుకోకూడదన్నది ప్రభుత్వ నిర్ణయం. కిందికి దిగినవాళ్లు మళ్లీ పైకి రారనీ, పనులు ఆగిపోతాయనీ పెద్దల భయం. జనం వినలేదు. అతి తక్కువ ధర టికెట్ కొనుక్కుని, దుప్పట్లతో, పిల్లలతో కిందికి దిగి అక్కడే కూర్చున్నారు. ఇవాళ దిగారు, రేపు దిగారు, ఎల్లుండీ దిగారు. ఆ నెలాఖరుకి లక్షన్నరకు పైగా మనుషులు రాత్రుళ్లు ప్లాట్‌ఫారాల మీదే నిద్రపోతున్నారు. ప్రభుత్వమే దిగివచ్చి మంచాలు వేయించాల్సి వచ్చింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు, పగలగొట్టలేదు. టికెట్ కొని కూర్చున్నారు, అంతే.

బెత్నాల్ గ్రీన్ అప్పటికి పూర్తికాని స్టేషన్. యుద్ధం రావడంతో పని మధ్యలో ఆగింది, పట్టాలు పడలేదు. అందుకే ఆశ్రయానికి మరీ వీలుగా ఉండింది. 5 వేల పడకలు వేశారు. చిన్న గ్రంథాలయం, పిల్లల బడి, నాటకాల వేదిక, వైద్యుడి గది కూడా వచ్చాయి. భూమి కింద ఒక పేట వెలిసింది. ఆ పేటకు దారి మాత్రం ఒక్కటే. వీధి నుంచి 19 మెట్లు దిగాలి. మధ్యలో పట్టుకోవడానికి కమ్మీ లేదు. వెలుగు విమానాలకు కనబడకూడదని ఒకే ఒక్క 25 వాట్ల బల్బు.

1941లో స్థానిక కౌన్సిల్‌కు ఆ ద్వారం సంగతి అనుమానం వచ్చింది. ఒక్కసారిగా జనం పడితే ఆపడానికి గట్టి తలుపులు కావాలి, 88 పౌండ్లు అవుతుంది, అనుమతి ఇవ్వమని పై అధికారులకు రాసింది. వాళ్లు కాదన్నారు. ఉత్తరాలు అటూ ఇటూ కొన్నాళ్లు నడిచాయి. తర్వాత అందరూ ఊరుకున్నారు. ఆ "ఊరుకున్నారు" అన్న మాట దగ్గరే నేను ఆగిపోతుంటాను.

1943 మార్చి 3, రాత్రి 8 గంటల 17 నిమిషాలకు సైరన్ మోగింది. వాన పడి మెట్లు తడిగా ఉన్నాయి. జనం మామూలుగానే దిగుతున్నారు. పది నిమిషాల తర్వాత దగ్గర్లోని విక్టోరియా పార్కు నుంచి సైన్యం కొత్తరకం విమాన విధ్వంసక రాకెట్లు పేల్చింది. అలాంటి చప్పుడు అంతకుముందు ఎవరూ విని ఉండలేదు. బయట ఉన్నవాళ్లు బాంబే అనుకుని ముందుకు నెట్టుకొచ్చారు. సరిగ్గా అప్పుడే, అట్టడుగు మెట్ల దగ్గర బిడ్డతో ఉన్న ఒక స్త్రీ తడబడి పడింది. ఆమె మీద ఒకరు, ఆ ఒకరి మీద ఇంకొకరు. పైన ఉన్నవాళ్లకు కింద ఏమైందో కనబడదు. దారి ఎందుకు కదలడం లేదో తెలియక ఇంకా తోస్తున్నారు. నిమిషం కూడా గడవకముందే ఆ ఇరుకులో మూడు వందల మంది చిక్కుకుపోయారు. 173 మంది ఊపిరాడక చనిపోయారు. అందులో 62 మంది పిల్లలు. ఆ రాత్రి ఆ చుట్టుపక్కల ఒక్క బాంబు కూడా పడలేదు.

ఇక్కడిదాకా చెబితే కుర్రాడు, "మరి ఎవరిది తప్పు?" అన్నాడు.

విచారణ జరిగింది. నివేదికను దాదాపు రెండేళ్లు దాచిపెట్టారు. శత్రువుకు తెలిస్తే సంబరపడతాడని కారణం చెప్పారు. బయటికి వచ్చాక చూస్తే, జనం మనసు అదుపు తప్పడమే అసలు కారణమని అందులో ఉంది. అయితే భర్తను, కూతురిని పోగొట్టుకున్న ఒకామె కోర్టుకెక్కితే, న్యాయస్థానం తొక్కిడి సంగతి పక్కనబెట్టి, వెలుగు లేని, కమ్మీ లేని ఆ మెట్లను చూసి నిర్లక్ష్యమేనని తేల్చింది. ఇక మధ్యలో కమ్మీలు, మెట్ల అంచులకు తెల్లరంగు ప్రమాదం జరిగిన వెంటనే వచ్చేశాయి. రంగుకూ కమ్మీకీ ఎంత ఖర్చవుతుందని! పోయినవాళ్ల 173 పేర్లతో, బోర్లించిన మెట్ల ఆకారంలో స్మారకం లేవడానికి మాత్రం 2017 డిసెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. మన మెట్రో మొదలైన మరుసటి నెల.

జనానిదే తప్పనడం లండన్ వాళ్ల సొత్తేమీ కాదు. 2015 జులై 14న రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర 27 మంది నలిగిపోయారు. విచారణ కమిషన్ నివేదిక జనానికి ముహూర్తం మీదున్న గుడ్డినమ్మకాన్నీ, పత్రికల ఊదరనూ ఎత్తిచూపింది. 2017 సెప్టెంబర్ 29న ముంబయిలో, మన పద్మశాలీలు ఒకప్పుడు మిల్లు కూలీలుగా బతికిన పరేల్ ప్రాంతంలో, ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ వంతెన మెట్ల మీద 23 మంది చనిపోయారు. అక్కడా వానే. దిగాల్సినవాళ్లు తడుస్తామని ఆగిపోయారు, వెనక రైళ్లు దిగినవాళ్లు వచ్చి చేరుతూనే ఉన్నారు. వెడల్పు వంతెన కావాలని ఎంపీలు అంతకుముందే ఉత్తరాలు రాశారు. ఉత్తరాలు నడిచాయి. ప్రమాదం తర్వాత సైన్యం వచ్చి ఐదు నెలల్లో కొత్త వంతెన కట్టింది. ఏళ్లపాటు కుదరనిది ఐదు నెలల్లో కుదిరింది.

ఈ లెక్కలు మీకు కొత్త కావు. నేను చెప్పదలచింది వాటి గురించి కూడా కాదు. చెప్పాలంటే ముందు నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి.

నేను రోజూ ఎక్కిదిగే ఒక పాదచారుల వంతెన ఉంది. అది ఏదన్నది ఇక్కడ అనవసరం. ఒక వర్షాకాలంలో దాని మలుపులో లైటు పోయింది. ఆ మలుపు కిందనే ఒక మెట్టుకు ఇనుప అంచు పట్టీ లేచి ఉండేది. మొదటిరోజు తట్టుకున్నాను. రెండోరోజు జాగ్రత్తపడ్డాను. వారం తిరిగేసరికి నా కాలు దానంతటదే అక్కడ కాస్త ఎత్తుగా లేచి పడటం నేర్చుకుంది. కాలు నేర్చుకుంది గానీ నోరు నేర్చుకోలేదు. కింద ఉండే ఆటో ఆయనతో ఓసారి అంటే, "బతుకమ్మ పండుగ సంది ఎలుగుతలేదు సార్ ఆ లైటు. ఎవరికి చెప్తం, ఎవరింటరు?" అన్నాడు. ఇద్దరం తలలూపుకున్నాం. సమస్య మీద మా వంతు పని అయిపోయిందన్నట్టు ఇంటికి పోయాను.

సంక్రాంతి ముందర ఒక రాత్రి, నా ముందు నడుస్తున్న ఒక పెద్దామె ఆ పట్టీకి తట్టుకుని పడింది. చేతిలో టిఫిన్ క్యారియర్. మోకాలు చీరుకుంది. పరుగెత్తి లేపాను, గిన్నెలు ఏరి ఇచ్చాను, నీళ్లు తాగించాను. అన్నీ చేసి ఏమన్నానో తెలుసా? "చూసుకుని నడవాలి కదమ్మా."

ఆమె నా మొహం వంక చూసింది. "చీకట్ల ఏం కనవడ్తది సారూ" అంది.

నాలుగు నెలలుగా ఆ పట్టీ ఎక్కడుందో నా కాలికి తెలుసు. ఆమెకు తెలియదు. తెలిసినవాణ్ని నోరు మూసుకున్నాను, తెలియనామె పడింది, పడ్డామెకు నేను బుద్ధి చెప్పాను. లండన్ నివేదిక రాసిన పెద్దమనిషికీ నాకూ తేడా ఏముంది? ఆయన జీతం తీసుకుని చేసిన పనే నేను ఉచితంగా చేశాను.

ఉప్పల్, నాచారం, హబ్సిగూడ, రామంతాపూర్ వాసులారా, మనకు ఓపిక చాలా ఎక్కువ. దాన్ని మనం మంచితనం అనుకుంటున్నాం. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ అని 2018లో మొదలుపెట్టారు. ఏళ్లు గడిచినా స్తంభాలు స్తంభాలుగానే నిలబడితే, కింది గుంతల్లో బండి ఎలా నడపాలో మనం నేర్చుకున్నాం. 2020 అక్టోబర్‌లో హబ్సిగూడ వీధులు, రామంతాపూర్ కాలనీలు చెరువులైతే, సామాన్లు పై అంతస్తుకు మోసుకోవడం నేర్చుకున్నాం. సర్దుకుపోవడంలో మనల్ని మించినవాళ్లు లేరు. కానీ ఒక్కటి గమనించండి. ప్రతిసారీ సర్దుకుపోయేది ఆ దారి తెలిసినవాడు. పడేది ఆ రోజే కొత్తగా వచ్చినవాడు, చేతిలో బిడ్డ ఉన్నది, చూపు ఆననివాడు, తొందరలో ఉన్నవాడు. మన అలవాటు మనల్ని కాపాడుతుంది గనక అందరినీ కాపాడుతోందని భ్రమపడుతున్నాం.

ఉప్పల్ స్టేడియం సంగతే తీసుకోండి. దాదాపు 39 వేల మంది పట్టే మైదానం. మ్యాచ్ రాత్రి చివరి బంతి పడగానే అందులో ఎంతోమంది ఒకే దారిన మెట్రో వైపు నడుస్తారు. ఆ రాత్రుల కోసం రైళ్లు పొద్దుపోయేదాకా నడుపుతున్నారు, మంచిదే. కానీ వచ్చేవాళ్లలో చాలామంది ఆ మెట్లు ఎప్పుడూ ఎక్కనివాళ్లు. ఏ గేటు మూశారో, ఎటు దిగితే ఎక్కడ తేలతామో వాళ్లకు తెలియదు. మనకు తెలుసు. 2022 సెప్టెంబర్ 22న ఇదే ఉప్పల్ మ్యాచ్ టికెట్ల కోసం జింఖానా మైదానం దగ్గర తొక్కిసలాట జరిగి కొందరు దెబ్బలు తిన్నప్పుడు, టీవీ ముందు మనం అన్నమాట ఇంకా నా చెవిలో ఉంది: "క్రికెట్ అంటే అంత పిచ్చేంటి?" వాళ్ల పిచ్చి కనబడింది. లోపలికి వెళ్లే దారి ఎంత ఇరుకో చూడాలని మనకెవరికీ అనిపించలేదు.

ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఎంతోమంది ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రోడ్డు దాటేవారు. 2023 జూన్‌లో అక్కడ 660 మీటర్ల ఆకాశ వంతెన వచ్చింది. ఇప్పుడు దాని మీద నడుస్తుంటే కిందున్న రద్దీ బొమ్మలాటలా కనిపిస్తుంది. అది కడతారు, ఆరంభోత్సవం చేస్తారు, ఫొటోలు తీస్తారు. అక్కడి లిఫ్టు రేపు ఆగితే, దీపం ఎల్లుండి ఆరితే ఆ రోజు ఫొటో తీసేవాడెవడు? కట్టడం ప్రభుత్వం పని కావచ్చు. ఆగిందని చెప్పడం మన పని. చెప్పి ఊరుకోకపోవడం ఇంకా పెద్ద పని. బెత్నాల్ గ్రీన్ కౌన్సిల్ అడగలేదని ఎవరూ అనలేరు, కాగితం ఉంది. 1940లో టికెట్ కొని కూర్చున్న పేదలు మాత్రం కాగితం దగ్గర ఆగలేదు. మర్నాడు మళ్లీ వచ్చి కూర్చున్నారు. మున్సిపాలిటీ యాప్‌లో ఒక ఫొటో పెట్టి నెంబరు వచ్చాక చేతులు దులుపుకునే మనం ఎవరి వారసులమో ఆలోచించాలి. ఆ నెంబరు పట్టుకుని మళ్లీ అడగాలి. ఒక్కరు అడిగితే సణుగుడంటారు, కాలనీలో ఇరవై మంది కలిసి అడిగితే వినక తప్పదు. కార్పొరేటరును పెళ్లికి పిలిచినంత పట్టుదలగా ఆ మెట్టు దగ్గరికి పిలవండి, వచ్చి కాలు పెట్టి చూడమనండి.

అడిగే అర్హత సంపాదించుకోవడం కూడా ఉంది. అది ఇంకా కష్టం. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి కింద ఎలక్ట్రిక్ స్కూటర్లు అంటుకుంటే, ఆ పొగ మెట్లదారిలోంచే పైకి లేచి 8 మందిని చంపింది. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర ఒక పాత ఇంట్లో 17 మంది, అందులో 8 మంది పిల్లలు, ఒక్క ఇరుకు మెట్లదారి వల్ల బయటపడలేకపోయారు. మరి మన అపార్ట్‌మెంట్ల మెట్లు? చెప్పుల స్టాండు మనదే, పాత సైకిలు మనదే, ఖాళీ గ్యాస్ సిలిండరు మనదే. మన సెల్లార్లో మీటర్ బోర్డు పక్క గదిలో వాచ్‌మన్ కుటుంబం నిద్రపోతుంది. వరద నీళ్లయినా, పొగయినా ముందు తలుపు తట్టేది వాళ్లదే. భూగర్భ రహస్య స్థలాలు లండన్‌లో వెతకక్కర్లేదు. లిఫ్టులో మైనస్ ఒకటి నొక్కితే చాలు.

ఈ కథంతా విన్న కుర్రాడు, "మన బిల్డింగుకి రెండో మెట్లు ఉన్నాయి కదా అంకుల్, అవెటు పోతాయి?" అని అడిగాడు. పన్నెండేళ్లుగా ఉంటున్నాను, ఆ వెనక మెట్ల తలుపు తీసి ఉండగా నేను చూడలేదు. నెలవారీ మీటింగులో అడిగాను. దొంగలొస్తారని ఒకరు, పిల్లులొస్తాయని ఒకరు, ఫైర్ వాళ్లు అడిగినప్పుడు తీశాం కదా అని ఇంకొకరు అన్నారు. తాళంచెవి పాత సెక్రటరీ దగ్గరుందన్నారు. ఆయన కొడుకు దగ్గరికి బోడుప్పల్ మారిపోయాడు. ఆయన వెతికి పంపేసరికి మూడు ఆదివారాలు గడిచాయి.

నాలుగో ఆదివారం తలుపు తీశాం. లోపల వినాయక చవితి పందిరి కర్రలు, విరిగిన మంచం కోళ్లు, రంగు డబ్బాలు, ఎవరిదో పూజ మందిరం, రెండు చిన్నపిల్లల సైకిళ్లు. కుర్రాడు టార్చిలైటు తెచ్చాడు. వీడియోల్లో చూసినట్టే ముందు వాడు నడిచాడు, వెనక మేం నలుగురం సామాన్లు ఒక్కొక్కటీ అందుకుంటూ దిగాం. ఒక సైకిలు తనదేనని రెండో అంతస్తు ఆయన గుర్తుపట్టి, "మా అమ్మాయి ఇప్పుడు ఇంజినీరింగ్ అండీ" అని నవ్వాడు. వాడు ఒకటి, రెండు అని మెట్లు లెక్కపెడుతున్నాడు. పంతొమ్మిదో మెట్టు దగ్గర ఆగి వెనక్కి తిరిగి నావైపు లైటు కొట్టాడు. కింద ఇంకా రెండు అంతస్తుల సామాను ఉంది.